సోమవారం వచ్చే ర్యాంకు

కోనసీమలో ఆటల మాట ఎక్కడ మొదలైనా ఇప్పుడు సాత్విక్ దగ్గరకే చేరుతుంది. చేరాలి కూడా. అమలాపురంలో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి ఇంట పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో కలిసి 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. ఆ వెంటనే బ్యాడ్మింటన్ డబుల్స్ జాబితాలో ప్రపంచంలోనే మొదటి స్థానానికి ఎక్కాడు. మన దేశంలో ఏ జోడీకీ అంతకు ముందు అందని చోటు అది. ఆ వార్త విన్నప్పుడు నా ఒళ్ళు పులకరించింది. మా కాలవగట్ల మీద నడిచిన కుర్రాడు ప్రపంచానికి మొదటివాడు కావడం చిన్న సంగతి కాదు.

అయితే ఆ రోజు నుంచి మా ఇంటివైపు ఒక ప్రశ్న ఎక్కువైంది. మా చెల్లెలి కొడుకు టెన్నిస్ ఆడతాడు. సరదాకి కాదు, వృత్తిగా. కొత్తపేట దగ్గర పల్లెలో కొబ్బరితోట, కాస్త వరిచేను ఉన్న ఇల్లు వాళ్ళది. పెళ్ళిళ్ళలో, ప్రభల తీర్థంలో, రావులపాలెం బస్టాండులో ఎవరు కలిసినా అడిగేది ఒకటే. "మేనల్లుడి ర్యాంకెంతండీ ఇప్పుడు?" వెయ్యి దాటిన అంకె చెప్తాను. గోదావరి జిల్లా మర్యాద కదా, ఎవరూ మనసు నొచ్చేలా అనరు. "ఆయ్, పర్లేదండి, కుర్రోడు కదా, వస్తాదిలెండి" అని మాట మారుస్తారు. ఆ మాట మార్చడంలో ఉన్న జాలి నాకు వినిపిస్తుంది. వాడి మీద జాలిపడాల్సిన పని ఏదీ వాడు చేయడం లేదని నాకు తెలుసు. ఎందుకు జాలిపడక్కర్లేదో నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడం మాత్రం నిదానంగా నేర్చుకున్నాను. వాడి ఖర్చుల పుస్తకం, ఉయ్యూరు నుంచి వచ్చిన ఒక ఆటగాడి జీవితం, నేను పనిచేసిన బ్యాంకులో చూసిన ఒక పాత సార్వా వరి కాలం, ఈ మూడూ కలిసి నాకు ఆ పాఠం చెప్పాయి.

మనం ర్యాంకుల మధ్య పెరిగిన జనం. ఎంసెట్ ఫలితాల రోజున ఒకటి, ఒకటి, రెండు, రెండు అంటూ టీవీలో మోగే కాలేజీ ప్రకటనలు వినని తెలుగు ఇల్లు లేదు. ఎంసెట్ ర్యాంకు ఒకసారి వస్తే వచ్చినట్టే. దానితో సీటు వస్తుంది, సీటుతో ఉద్యోగం, ఇక ఆ అంకెను ఎవరూ వెనక్కి తీసుకోరు. టెన్నిస్ ర్యాంకు సంగతి వేరు. అది సోమవారం సోమవారం కొత్తగా వస్తుంది. ఒక టోర్నీలో సంపాదించిన పాయింట్లకు ఆయుష్షు 52 వారాలు. నిరుడు ఇదే వారం ఎక్కడో సెమీస్ ఆడి నాలుగు పాయింట్లు తెచ్చుకుంటే, ఈ వారం అవి పోతాయి. అంతకు అంత మళ్ళీ సంపాదించకపోతే, ఏ తప్పూ చేయకుండానే వంద స్థానాలు కిందికి జారిపోవచ్చు. జ్వరం వచ్చి మంచం పట్టినా జారతాడు. వీసా రాకపోయినా జారతాడు.

ఆ అంకె చేసే అసలు పని మనిషిని కొలవడం కాదు. ఈ వారం ఏ గేటులోంచి లోపలికి రానివ్వాలో చెప్పడం. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ డ్రాలో 128 మంది ఉంటారు. వాళ్ళలో 104 మంది ర్యాంకు చూపించి నేరుగా లోపలికి వెళ్తారు. ఎనిమిది మందికి వైల్డ్ కార్డులు. మిగిలిన పదహారు చోట్ల కోసం మరో 128 మంది అంతకు ముందు వారం క్వాలిఫయింగ్ ఆడతారు, వరసగా మూడు మ్యాచ్‌లు గెలవాలి. అంటే గీతకు ఇటు 104వ వాడు, అటు 105వ వాడు. ఆటలో వాళ్ళిద్దరికీ తేడా ఏమీ లేకపోవచ్చు. ఆదాయంలో మాత్రం ఆ వారం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. గీత దాటినవాడు మొదటి రౌండులో ఓడినా ఏడాది ఖర్చులో పెద్ద భాగం తీరిపోతుంది.

ఆ గీతకు చాలా కింద మా వాడుంటాడు. అక్కడి టోర్నీలు 15 వేల డాలర్లవి. అంత సొమ్మూ గెలిచినవాడికి ఇస్తారనుకుంటారు మనవాళ్ళు. సింగిల్స్, డబుల్స్ ఆడే అందరికీ కలిపి అది. టైటిల్ కొట్టినవాడికి రెండు వేల పైచిలుకు డాలర్లు, మొదటి రౌండులో ఓడినవాడికి నూట యాభై పైచిలుకు. అందులో పన్ను పోతుంది. పాయింట్ల సంగతి చూస్తే విజేతకు 15, ఒక్క మ్యాచ్ గెలిచి ఆగిపోయినవాడికి ఒకటి. యూఎస్ ఓపెన్ గెలిస్తే 2000. అయినా చిన్న టోర్నీలో వచ్చే ఆ ఒక్క పాయింటుతోనే ప్రపంచ జాబితాలో పేరు ఎక్కుతుంది. మా వాడి పేరు మొదటిసారి ఎక్కిన సోమవారం మా చెల్లెలు దేవుడి గదిలో దీపం పెట్టి, ఫోన్‌లో ఆ జాబితాను పైనుంచి కిందికి వేలితో జరుపుకుంటూ పోయింది. చాలాసేపు పట్టింది. కొడుకు పేరు దొరికాక, పక్కన ఇండియా అని ఉన్నది చూసి కళ్ళు తుడుచుకుంది.

వాడి ఖర్చుల పుస్తకం నేను చూస్తాను. సహకార బ్యాంకులో పంట రుణాల పని చేసి రిటైరైనవాణ్ణి. లెక్కలు చూడమని వాడే అడిగాడు. ఐపిన్ అని ఏటా కట్టే రిజిస్ట్రేషన్, టోర్నీ టోర్నీకీ ఎంట్రీ ఫీజు, విమానం, వీసా, ఇన్సూరెన్సు, గది. గదిలో ముగ్గురు ఉంటారు, ముగ్గురూ ఒకరికొకరు పోటీదారులే. పొద్దున్న ఒకే కుక్కర్‌లో అన్నం వండుకుని, మధ్యాహ్నం ఒకరి మీద ఒకరు ఆడి, రాత్రి ఓడినవాడి బ్యాగు గెలిచినవాడు సర్దిపెడతాడు. వాడి పుస్తకంలో ప్రతి పేజీలోనూ కనిపించే పద్దు గట్టింగ్. రాకెట్‌కు తీగలు బిగించడం అన్నమాట. మ్యాచ్ ఆడినప్పుడల్లా తీగల బిగువు సడలుతుంది, గట్టిగా కొట్టేవాడికి తెగిపోతాయి కూడా. బయట చేయిస్తే ప్రతిసారీ కూలి ఇచ్చుకోవాలి. అందుకని రెండు వందల మీటర్ల రీలు కొనుక్కుని, బిగించే మెషీను సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకుని, సొంతంగా నేర్చుకున్నాడు.

కిందటి సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు వాడు గట్టింగ్ చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. రాకెట్ తల మెషీనులో బిగించి, పన్నెండు మీటర్లకు దగ్గరగా తీగ కత్తిరించి, ముందు నిలువు తీగలు లాగుతాడు. ఒక్కో తీగ లాగాక క్లాంపు వేస్తాడు, బొటనవేలితో మీటి వింటాడు. తరువాత అడ్డతీగలు, ఒకదాని మీదుగా ఒకదాని కిందుగా. మధ్యలో ఎవరైనా పలకరిస్తే తల ఎత్తడు. చూపుడు వేలు పక్కన తీగ ఒరుసుకుని కాయ కాసింది. "నాలుగు రాకెట్లు ఒకేలా మోగాలి మావయ్యా. మ్యాచ్‌లో తీగ తెగి రాకెట్ మార్చానంటే చేతికి తేడా తెలీకూడదు," అన్నాడు. టోర్నీలో తోటి కుర్రాళ్ళ రాకెట్లకు కూడా తనే గట్టింగ్ చేసి ఆ డబ్బుతో గది అద్దెలో తన వాటా కడతాడని ఆ రోజే తెలిసింది. పుస్తకంలో జమ వైపు ఆ పద్దు ఉంది. ప్రైజ్ మనీ పద్దు కంటే అది నికరంగా, ప్రతి వారం ఉంది.

ఆ పుస్తకం చూస్తున్నప్పుడు నాకు 2011 గుర్తొచ్చింది. ఆ సార్వాలో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. నీళ్ళున్నాయి, నేలుంది, చేయగల చేతులున్నాయి. అయినా వేలాది ఎకరాల్లో నాట్లు వేయలేదు. ఆ ఏడు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకు 1080 రూపాయలు. కూలి పెరిగింది, ఎరువు పెరిగింది, మురుగు కాలవలు పూడి చేలు ముంపులో పడేవి, కౌలు మాత్రం తగ్గేది కాదు. పండిస్తే వచ్చే నష్టం కన్నా పండించకపోతే వచ్చే నష్టమే తక్కువని లెక్క తేలింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. దేశమంతా ఆశ్చర్యంగా చూసింది, గోదావరి డెల్టాలో వరి వేయకపోవడమేమిటని. నేను లోను లెడ్జర్ల ముందు కూర్చుని చూశాను. ఆ రైతుల్లో పని చేతకానివాడు ఒక్కడూ లేడు. ఎకరానికి ఎన్ని బస్తాలు తీయాలో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పంట బాగా పండించడం ఒక సంగతి, ఆ పంట మనిషిని బతికించడం ఇంకో సంగతి అని నాకు అప్పుడు అర్థమైంది. మా వాడి పుస్తకంలో ఉన్నది కూడా అదే లెక్క. ముందు పెట్టుబడి, తరువాత వస్తే రాబడి, మధ్యలో వాన.

ఈ లెక్కను అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య కూడా వేసింది. 2013 సీజను వివరాలు తీసి చూస్తే, ప్రొఫెషనల్ టోర్నీల్లో ఆడినవాళ్ళు పద్నాలుగు వేల మందికి దగ్గరగా తేలారు. వాళ్ళలో సగానికి కాస్త తక్కువ మందికి ఆ ఏడాది ప్రైజ్ మనీ ఒక్క డాలరు కూడా రాలేదు. కోచ్ జీతం పక్కన పెట్టి, ప్రయాణం, తిండి, గది మాత్రమే లెక్కేసినా, పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే మగవాళ్ళలో 336వ ర్యాంకు, ఆడవాళ్ళలో 253వ ర్యాంకు దాకా రావాలట. మ్యాచ్ ఫిక్సింగ్ మీద వేసిన స్వతంత్ర సమీక్ష కూడా 2018లో ఇంచుమించు ఇదే చెప్పింది. ప్రొఫెషనల్ అని పేరు పెట్టుకున్నవాళ్ళు వేలల్లో, ఆటతో బతకగలిగినవాళ్ళు రెండు మూడు వందల్లో. మిగిలినవాళ్ళ ఇబ్బంది చుట్టూ బెట్టింగు మూకలు ముసురుతున్నాయని ఆ నివేదిక బాధ. మా వాడి ఫోన్ నేను చూశాను. ఓడిన రాత్రి దాని నిండా ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ తిట్లు, వాడి మీద పందెం కాసి పోగొట్టుకున్నవాళ్ళవి. ఊళ్ళో తెలియని మ్యాచ్, పేపర్లో రాని మ్యాచ్. దాని మీద కూడా ఎక్కడో ఎవరో డబ్బు కాస్తారు. తల్లి చూడకుండా అవి తుడిచేసి పడుకుంటాడు.

ఇక సాకేత్ మైనేని. మన కృష్ణా జిల్లా ఉయ్యూరులో 1987లో పుట్టాడు. చక్కెర ఫ్యాక్టరీ ఊరు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, సర్వీసే పెద్ద బలం. అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయంలో చదువుతూ కాలేజీ టెన్నిస్ ఆడి, ఆపైన వృత్తిలోకి దిగాడు. సింగిల్స్‌లో ఆయన చేరిన అత్యుత్తమ ర్యాంకు 137, 2015లో. ఆ అంకె ఒక్కటీ చెప్పి ఊరుకుంటే, మా వైపు వాళ్ళు మళ్ళీ "పర్లేదండి" అంటారు. భూమండలం మీద ఆ ఆట ఆడే కోట్ల మందిలో 136 మంది మాత్రమే ఆయనకు ముందు నిలబడ్డారని ఎవరికీ తట్టదు. మన ఊళ్ళో ఏ పని చేసేవాడైనా, డాక్టరు గానీ లెక్కల మాస్టారు గానీ, తన పనిలో ప్రపంచంలో 137వ వాడని తెలిస్తే ఊరేగిస్తాం కదా!

2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. సనమ్ సింగ్‌తో కలిసి పురుషుల డబుల్స్‌లో రజతం. ఆ ఫైనల్లో వీళ్ళను ఓడించిన కొరియా జోడీలో ఒకడు చుంగ్ హ్యోన్. ఆ స్వర్ణంతో అతనికి తప్పనిసరి సైనిక సేవ నుంచి మినహాయింపు దొరికింది. 2018లో అతనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్‌ను ఓడించి సెమీస్ దాకా వెళ్ళాడు. సాకేత్‌కు నెట్ అవతల నిలబడ్డవాళ్ళు ఎలాంటివాళ్ళో చెప్పడానికి ఈ ముక్క.

2016 యూఎస్ ఓపెన్ నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తు. సాకేత్ మూడు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలిచి మెయిన్ డ్రాలోకి వచ్చాడు. మొదటి రౌండులో చెక్ ఆటగాడు యిరీ వెసెలీ ఎదురయ్యాడు. ఆ ఏప్రిల్‌లోనే మాంటెకార్లోలో ప్రపంచ నంబర్ వన్ జొకోవిచ్‌ను ఓడించినవాడు వెసెలీ. ఐదు సెట్ల మ్యాచ్ జరిగింది. చాలెంజర్ స్థాయి టోర్నీల్లోనూ, ఇంకా చిన్నవాటిలోనూ మూడు సెట్లే ఉంటాయి. ఐదు సెట్లు ఆడే అలవాటు కింది ర్యాంకుల వాళ్ళ ఒంటికి ఎక్కడి నుంచి వస్తుంది? సాకేత్ రెండు సెట్లకు ఒకటి ఆధిక్యంలో ఉన్నాడు. చివరికి కాళ్ళ కండరాలు పట్టేశాయి. ఐదో సెట్ 5-7తో పోయింది. గెలిచి ఉంటే రెండో రౌండులో జొకోవిచ్‌తో ఆడేవాడు. తీరా ఆ రెండో రౌండుకు వెసెలీ చేతి నొప్పితో దిగనే లేదు.

ఆ రోజు మొదటి రౌండు ఓటమికి ఇచ్చిన సొమ్ము 43 వేల డాలర్ల పైచిలుకు. ఆ డబ్బు ఎంత ముఖ్యమో మా వాడి పుస్తకం చూసినవాడిగా నాకు తెలుసు. కానీ ఆ మ్యాచ్‌లో నాకు మిగిలింది ఇంకొకటి. తరువాత కొద్ది వారాలకే ఢిల్లీలో స్పెయిన్‌తో డేవిస్ కప్ జరిగింది. లియాండర్ పేస్ పక్కన సాకేత్ దిగాడు. అవతల నాదల్, మార్క్ లోపెజ్. అంతకు ముందు నెలలోనే రియోలో ఒలింపిక్ డబుల్స్ స్వర్ణం గెలిచిన జోడీ. మన వాళ్ళు మొదటి సెట్ గెలిచారు, తరువాత మూడూ పోయాయి. కాళ్ళు పట్టేసి అంచున ఓడినవాడు మళ్ళీ నెల తిరక్కుండా అంతకంటే గట్టివాళ్ళ ముందు నిలబడి మొదటి సెట్ లాగాడు. 2017లో ఆయనకు అర్జున ఇచ్చారు. గాయాలు వెంటాడాయి. సింగిల్స్ నుంచి డబుల్స్‌కు మళ్ళాడు. 2022లో యూకీ భాంబ్రీతో కలిసి చాలెంజర్ టైటిళ్ళు గెలుస్తూ డబుల్స్‌లో మొదటి వందలోకి వచ్చాడు. 2023 హాంగ్‌ఝౌలో, ముప్ఫై ఆరుకు దగ్గరపడ్డ వయసులో, రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి మళ్ళీ రజతం. సాత్విక్ స్వర్ణం గెలిచిన అవే ఆసియా క్రీడలవి. మా ఊళ్ళో ఒక పతకం అందరికీ తెలుసు, రెండోది అడిగితే తెల్లమొహం వేస్తారు.

ర్యాంకును మనం ఎంత కఠినంగా వాడతామో చెప్పడానికి హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ సంగతి చాలు. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి రజతం గెలిచిన ఆటగాడు. 2012 లండన్ ఒలింపిక్స్ ముందు పేస్‌తో ఆడబోమని భూపతి, బోపన్న అన్నారు. గొడవ పెద్దదయ్యాక పేస్ పక్కన విష్ణును పెట్టారు. ఆ రోజుల్లో ఏ పేపరు తిప్పినా విష్ణు పేరు పక్కన అతని ర్యాంకు 207 అని, అది ఒక నేరమైనట్టు రాశారు. తన ప్రమేయం లేని గొడవలో తన అంకె తిట్టుమాట అయింది. ఆ కుర్రాడు నోరు విప్పకుండా లండన్ వెళ్ళాడు. మొదటి రౌండులో హాలండ్ జోడీ హాసె, రోయెర్‌లను పేస్‌తో కలిసి ఓడించాడు. ఆ రోయెర్ 2015లో వింబుల్డన్ డబుల్స్ గెలిచాడు. రెండో రౌండులో లోద్రా, సోంగా చేతిలో మూడు సెట్లలో ఓడారు. వాళ్ళు రజతం దాకా వెళ్ళారు. 207వ వాడు ఒలింపిక్స్ కోర్టులో ఏం చేయాలో అది చేశాడు.

పైనున్నవాళ్ళకు కిందివాళ్ళు ఎలా కనిపిస్తారన్నది 2020లో బయటపడింది. కరోనాతో టోర్నీలు ఆగిపోయాక, కింది ర్యాంకుల వాళ్ళ కోసం పెద్ద ఆటగాళ్ళు తలా కొంత ఇవ్వాలన్న ఆలోచన వచ్చింది. ఆస్ట్రియా ఆటగాడు డొమినిక్ థీమ్ ఒప్పుకోలేదు. వాళ్ళలో అందరూ ఆటకు సర్వం ఒడ్డినవాళ్ళు కాదని అన్నాడు. అల్జీరియా అమ్మాయి ఇనెస్ ఇబ్బు వీడియోలో అతనికి జవాబు చెప్పింది. తన దేశంలో టోర్నీలు ఎన్ని, కోర్టులు ఎలాంటివి, ప్రయాణానికి ఎంత, గాయమైతే ఎవరు చూస్తారు, ఒక్కొక్కటీ విడమర్చింది. నేను దాన్ని మా వాడితో కలిసి చూశాను. అయిపోయాక వాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఈ అమ్మాయి మన కొత్తపేట గురించి చెప్తోంది మావయ్యా," అన్నాడు.

అప్పటికి మన దేశపు సింగిల్స్ నంబర్ వన్‌గా ఉన్న సుమిత్ నాగల్ 2023 సెప్టెంబరులో తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలు ఉన్నాయని చెప్పాడు. దాదాపు ఎనభై వేల రూపాయలు. దేశంలో మొదటివాడి పరిస్థితి అది. నాలుగు నెలలు తిరిగేసరికి ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటి వచ్చి, 31వ సీడ్ బుబ్లిక్‌ను మొదటి రౌండులో ఓడించాడు. 1989లో రమేశ్ కృష్ణన్ తరువాత గ్రాండ్‌స్లామ్ పురుషుల సింగిల్స్‌లో సీడెడ్ ఆటగాణ్ణి ఓడించిన భారతీయుడు అతనే. 900 యూరోలప్పటి నాగల్ ఎవరో, బుబ్లిక్‌ను ఓడించిన నాగల్ కూడా అతనే. మధ్యలో మారింది ఒక గేటు తెరుచుకోవడమే.

2024 నుంచి పురుషుల టెన్నిస్ సంఘం ఏటీపీ కొంత భరోసా పెట్టింది. మొదలుపెట్టిన ఏడాది మొదటి వందలో ఉన్నవాడికి మూడు లక్షల డాలర్లు, 101 నుంచి 175 వరకు లక్షా యాభై వేలు, 176 నుంచి 250 వరకు డెబ్భై అయిదు వేలు. సంపాదన అంతకు తగ్గితే మిగిలింది సంఘం ఇస్తుంది. నాకు ఇది చదివినప్పుడు మద్దతు ధర గుర్తుకు రాక తప్పలేదు. 137వ ర్యాంకులో సాకేత్ ఉన్న రోజుల్లో ఇది లేదు. 250 దాటినవాడికి ఇప్పటికీ లేదు.

ఆ 250కి బయట ఏం జరుగుతుందో నేను ఒకసారి దగ్గర కూర్చుని చూశాను. హైదరాబాద్‌లో ఒక చిన్న టోర్నీ, క్వాలిఫయింగ్ రౌండు. గ్యాలరీ అనడానికి నాలుగు సిమెంటు మెట్లు. బాల్ బాయ్స్ లేరు, బంతి కంచె దగ్గరకు పోతే ఎవరి బంతి వాళ్ళు తెచ్చుకోవాలి. ఎండలో మా వాడికి అవతల ఒక పంజాబ్ కుర్రాడు. మొదటి సెట్ టైబ్రేక్‌లో మా వాడిదయింది. రెండోది పోయింది. చివర్లో మా వాడు కొట్టిన బంతి గీతకు బయట పడిందని అంపైర్ అన్నాడు. అవతలి కుర్రాడు నెట్ దాకా వచ్చి, కాదు లోపలే పడింది అని చెప్పి పాయింటు మా వాడికి ఇచ్చేశాడు. ఆ పాయింటు విలువ వాళ్ళిద్దరికీ తెలుసు. ఆ పాయింటు మా వాడిది అయింది, మ్యాచ్ ఆ కుర్రాడిది అయింది. చేతులు కలిపాక ఇద్దరూ ఒకే చెట్టుకింద కూర్చుని మజ్జిగ తాగారు. మా వాడు తువ్వాలు తల మీద వేసుకుని కాసేపు అలా ఉండిపోయాడు. తరువాత లేచి, డబుల్స్‌కు పేరు ఇవ్వడానికి గడువు అయిపోతోందని ఆ కుర్రాణ్ణే వెంటబెట్టుకుని ఆఫీసువైపు పరిగెత్తాడు.

ఆ వారం వాళ్ళిద్దరూ కలిసి డబుల్స్‌లో రెండు రౌండ్లు ఆడారు. పై జాబితా మొత్తం ఇలాంటి మ్యాచ్‌ల మీద నిలబడి ఉందని నాకు ఆ మెట్ల మీదే తెలిసింది. ఒకటో వాడిని తయారుచేసేది ఒక్క కోచ్ మాత్రమే కాదు. అతనితో చిన్నప్పటి నుంచి ఆడి, ఓడించి, ఓడి, అతని ఆటకు పదును పెట్టిన కొన్ని వందల మంది ఉంటారు. వాళ్ళలో ఎక్కువ మంది పేర్లు 500కి, 1000కి అవతల ఉంటాయి. అందుకే ఇప్పుడు ఎవరి పిల్లల ఆట గురించైనా నాకు ముందు తెలుసుకోవాలనిపించేది వేరు. ఎవరితో ఆడుతున్నాడు, ఎన్ని వారాలు ఆడగలుగుతున్నాడు, గట్టింగ్ ఎవరు చేస్తున్నారు, నొప్పి వస్తే ఎక్కడ చూపిస్తున్నారు. ఈ నాలుగింటికీ సరైన జవాబు ఉంటే ఆ కుర్రాడు తన వృత్తిలో ఉన్నట్టే.

మా వాడికి అన్నిటికంటే పెద్ద ఖర్చు దూరం. ట్యునీషియాలో మొనస్తీర్, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్, టర్కీలో అంతాల్యా, ఇలాంటిచోట్ల వరసగా వారం వారం 15 వేల డాలర్ల టోర్నీలు జరుగుతాయి. పాయింట్ల కోసం మన పిల్లలు అక్కడికి పోయి నెలల తరబడి ఉంటారు. ఇంటి దగ్గరే టోర్నీ ఉంటే విమానం లేదు, వీసా లేదు, ఆతిథ్య దేశపు కుర్రాళ్ళకు వైల్డ్ కార్డులు ఉంటాయి, తల్లి చేతి అన్నం ఉంటుంది. రాజమండ్రిలోనో కాకినాడలోనో వరసగా మూడు వారాలు మూడు టోర్నీలు పెడితే ప్రైజ్ మనీ మొత్తం 45 వేల డాలర్లు, మన డబ్బులో దాదాపు నలభై లక్షలు. దానిపైన నాలుగైదు మంచి కోర్టులు, అంపైర్లు, ఒక ఫిజియో. కోనసీమ నుంచి అమెరికా, గల్ఫ్ దేశాలు వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు గుడి గోపురాలకు, బడి గదులకు, ప్రభల తీర్థాలకు ఇంతకంటే ఎక్కువే ఇస్తూ వచ్చారు. నాకు తెలిసినవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. మా వాడి ఖర్చుల పుస్తకం నకలు తీసి, ఒక్కొక్కరికీ ఉత్తరంతో పాటు పంపుతున్నాను.